ట్యాంకుల ఆట, గళ్ళ పుస్తకం: ఒక పాత వీడియో గేమ్ బాగుచేత డైరీ

జూన్ 8, ఆదివారం, కాకినాడ

అటక ఖాళీ చేయమని అమ్మ రెండేళ్ళుగా అడుగుతోంది. ఇవాళ నిచ్చెన వేసుకుని ఎక్కితే, ఇత్తడి గంగాళాల వెనక, చెదలు ఒక మూల తినేసిన అట్టపెట్టెలో, 1996 వేసవి సెలవుల్లో నాన్న కొనిచ్చిన వీడియో గేమ్ బయటపడింది. పెట్టెలో ఉన్నవి ఇవి: అసలు యంత్రం, రెండు జాయ్‌స్టిక్కులు, ఒక తుపాకి, ఏడు కాసెట్లు, కరెంటుకు పెట్టే ఎలిమినేటర్, వీటన్నిటి అడుగున నా లెక్కల గళ్ళ పుస్తకం. ఆ పుస్తకంలో లెక్కలు మొదటి ఆరు పేజీలకే ఆగిపోయాయి. మిగతాదంతా ట్యాంకుల ఆట పటాలు, అవి కూడా నా చేతిరాతలో లేవు, ఎదురింటి స్నేహితుడివి. ఈ డైరీ అంతటా అతన్ని రెండో ప్లేయర్ అనే పిలుస్తాను. జాయ్‌స్టిక్ విషయంలో అతని స్థానం ఎప్పుడూ రెండోదే, కారణం కూడా చాలా సాదాది: యంత్రం మా ఇంట్లో ఉండేది.

యంత్రం మీద కంపెనీ పేరు లేదు. ఎప్పుడో ఊడిపోయిన స్టిక్కరు జిగురు మచ్చ మాత్రం ఉంది. ఇది 1983 జూలైలో జపాన్‌లో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకలు. కాసెట్ దూరే గాడిలో పిన్నులు లెక్కపెడితే అరవై తేలాయి. అమెరికాలో అమ్మిన నమూనాకు డెబ్భై రెండు ఉంటాయి కాబట్టి, మా దాని వంశం జపాన్ వైపుదే. మా బజారులో దొరికినవన్నీ ఇలాంటి నకళ్ళే కావడంతో నింటెండో అన్న పేరు మేము కాలేజీకి వచ్చేవరకు వినలేదు. మాకు అది వీడియో గేమ్, అంతే.

బాగుచేయాలన్న ఆలోచనకు వెనక ఒక చిన్న వాదన ఉంది. గత ఏడాది నేను వేల ఆటలు నింపి అమ్మే ఒక చిన్న స్టిక్ కొని టీవీకి తగిలించాను. బెంగళూరు నుంచి పని మీద వచ్చిన రెండో ప్లేయర్ దాని మీద పది నిమిషాలు మారియో ఆడి, జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టేశాడు. "ఇది మన మారియో కాదురా, పాట పరిగెడుతోంది" అన్నాడు. పాట అదే, మనమే నెమ్మదించాం, నలభై ఏళ్ళు వస్తున్నాయి మరి అని నేను కొట్టిపారేశాను. అతను ఒప్పుకోలేదు. అసలు యంత్రం దొరికింది కాబట్టి తేల్చుకోవచ్చు. పెట్టె సర్దుకుని రాత్రి రైలుకు హైదరాబాదు బయలుదేరుతున్నాను.

జూన్ 14, శనివారం

ఇంతకాలం మూలనపడిన యంత్రానికి నేరుగా కరెంటు ఇవ్వడం తెలివితక్కువ పని. ముందు ఎలిమినేటర్‌ను ఒంటరిగా ప్లగ్గులో పెట్టి వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో చూశాను. దాని మీద 9 వోల్టులని రాసి ఉన్నా మీటరు 13.6 చూపించింది. ఇది లోపం కాదు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటర్ తప్ప మరేమీ లేని ఈ రకం ఎలిమినేటర్లు, బరువు పడనంతవరకు ఇలాగే ఎక్కువ చూపించి, యంత్రం తగిలించాక దిగివస్తాయి. చూసుకోవలసిన అసలు సంగతి పాజిటివ్ మొన ఏ వైపుదన్నది. జపాన్ అసలు యంత్రంలోలాగే ఇందులోనూ పిన్ను మధ్యభాగం నెగటివ్, బయటి గొట్టం పాజిటివ్. ఈ రోజుల్లో దొరికే ఎలిమినేటర్లలో చాలావరకు దీనికి తిరగబడి ఉంటాయి కాబట్టి, చేతికందింది గుచ్చేవాళ్ళు బోర్డును కాల్చుకునే ప్రమాదం ఉంది.

యంత్రం విప్పితే 7805 రెగ్యులేటర్ పక్కనున్న 1000 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ తల పొంగిన పూరీలా ఉబ్బి కనిపించింది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. దుకాణంలో పెద్దాయన పాత కెపాసిటర్‌ను వేళ్ళ మధ్య దొర్లించి చూసి, 16 వోల్టులది బదులు 25 వోల్టులది వేసుకోండి, ఎత్తు సరిపోతుందో లేదో చూసుకోండి అని రెండూ చేతిలో పెట్టారు. ఎత్తు సరిపోలేదు. పడుకోబెట్టి సోల్డర్ చేశాను.

ఈ 7805 గురించి ఒక మాట రాసుకోవాలి. ఇది తొమ్మిది వోల్టులు తీసుకుని అయిదు వోల్టులు ఇస్తుంది, మిగిలిన నాలుగూ వేడి రూపంలో పోతాయి. ఆ వేడిని పంచుకోవడానికి దాని వీపుకు ఒక అల్యూమినియం రేకు బిగించి ఉంది. చిన్నప్పుడు గంట ఆడాక యంత్రం కుడి మూల వేడెక్కి, సన్నటి ప్లాస్టిక్ వాసన వచ్చేది. అమ్మ వంటింట్లోంచి వచ్చి అక్కడ చెయ్యి ఆనించి చూసేది, అచ్చం జ్వరం చూసినట్టే. "కాలిపోతోంది, అరగంట ఆపండి" అంటే ఇక తిరుగులేదు. ఆ అరగంటలోనే మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం. ఆట నడుస్తున్నంతసేపు మా మధ్య దూకు, కాల్చు, పోయాను అన్న మూడు మాటలు తప్ప నాలుగోది ఉండేది కాదు.

ఇవాళ్టికి ఎర్ర దీపం వెలిగింది. రెగ్యులేటర్ దగ్గర 4.98 వోల్టులు. ఇది చాలు.

జూన్ 15, ఆదివారం

పగలంతా బోర్డును భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాను. తరువాతి కాలపు చవక యంత్రాల్లో మొత్తం సర్క్యూట్ ఒకే నల్లటి బొట్టు కింద దాగి ఉంటుంది, అది పోతే యంత్రం పోయినట్టే. మాది అదృష్టవశాత్తు కొంచెం పాత పద్ధతిది. ఇందులో రెండు పెద్ద ఐసీలు, అంటే చిప్పులు, వేరువేరుగా ఉన్నాయి. రెండూ తైవాన్ కంపెనీ యూఎంసీవి: లెక్కలు చేసే దాని మీద యూఏ6527పీ అనీ, బొమ్మ గీసే దాని మీద యూఏ6538 అనీ ఉంది. వాటి మధ్య వెండి రంగు డబ్బా ఆకారంలో, యంత్రం వేగాన్ని నిర్ణయించే ఒక క్రిస్టల్, దాని మీద 26.6017 అన్న అంకె.

ఆ అంకె చూసి చాలాసేపు కదలలేదు. జపాన్ యంత్రంలో ఉండే క్రిస్టల్ 21.477 మెగాహెర్ట్జ్‌ది. ఈ తేడా ఊరికే రాదు. జపాన్ టీవీ సెకనుకు అరవై సార్లు బొమ్మ మారుస్తుంది, మన టీవీ పాల్ పద్ధతిది కాబట్టి యాభై సార్లే. ఆటలన్నీ అరవై లెక్కన రాసినవి. వాటిలో బొమ్మ కదలిక, పాటలో స్వరం మారడం, గడియారం దిగడం, అన్నీ ఒక్కో బొమ్మకు ఒక్కో అడుగు చొప్పున నడుస్తాయి. నకలు తయారుచేసినవాళ్ళు ఆటల జోలికి పోకుండా, ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య కొంత ఖాళీ సమయం చేర్చి, అరవై లెక్క ఆటలను యాభై లెక్క టీవీలో నడిపించారు. దాని ఫలితంగా అక్కడ యాభై సెకన్లు పట్టేది ఇక్కడ అరవై సెకన్లు పడుతుంది.

అయితే పాట సాగదీసిన టేపులా బొంగురుపోదు. స్వరం ఎత్తును నిర్ణయించేది లెక్కల ఐసీ వేగం. జపాన్ యంత్రంలో అది సెకనుకు 17.9 లక్షల అడుగులు వేస్తే, మాది 17.7 లక్షలు వేస్తుంది. తేడా నూటికి ఒకటి కూడా లేదు. సంగీతం మాటల్లో చెప్పాలంటే శ్రుతి మారలేదు, కాలం మారింది. నేను కొన్న స్టిక్ అరవై లెక్కన నడుస్తుంది. మేము పెరిగింది యాభై మీద. అంటే రెండో ప్లేయర్ చెవి నిరుడు తప్పు చెప్పలేదు.

అతనికి ఇప్పుడే చెప్పను. ముందు తెర మీద చూడాలి.

జూన్ 21, శనివారం

కాసెట్లు. ఏడింటిలో మూడు మంచివి, రెండు అనుమానం, రెండు ఎవరివో. చిన్నప్పుడు ఆట పట్టకపోతే కాసెట్ నోటి దగ్గర పెట్టుకుని హార్మోనికా వాయించినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి ఊదేవాళ్ళం. ఈ విద్యలో రెండో ప్లేయర్ సిద్ధహస్తుడు. మూడు ఊదులు, ఒక తట్టు, సగం దించి ఒక క్షణం ఆగి మిగతా సగం. నిజానికి ఆటను పట్టించింది ఊదడం కాదు, కాసెట్ తీసి మళ్ళీ పెట్టడం. ఆ రాపిడికి రాగి పట్టీల మీది పొర చెరిగి పిన్నులు కొత్తచోట తగులుతాయి. నోటి తేమ మాత్రం పట్టీలను నెమ్మదిగా తినేస్తుంది. అతని శ్వాస గుర్తులు మూడు కాసెట్ల మీద పచ్చటి చుక్కలుగా ఇప్పటికీ ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచాను. దూది నల్లగా వచ్చింది. నాలుగో దూదికి తెలుపు నిలిచింది.

మారియో కాసెట్ విప్పితే బోర్డు మీద రెండే నల్లటి బొట్లు ఉన్నాయి. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు అంకాలు, రహస్య గొట్టాలు, పాటలు అన్నీ కలిపి నలభై కిలోబైట్లు. స్థలం చాలక ఆకాశంలో మబ్బుకు వాడిన బొమ్మనే పచ్చరంగు పూసి నేల మీద పొదగా పెట్టారు. ఇది తెలిసినప్పటి నుంచి మబ్బును మబ్బుగా చూడలేకపోతున్నాను.

"9999999 ఇన్ 1" అని రాసిన పసుపు కాసెట్ ముచ్చట కూడా ఇక్కడే. కోటికి ఒకటి తక్కువ ఆటలంటే ఒక జీవితానికి చాలవన్నంత నమ్మకంతో మేము పేజీ తరువాత పేజీ తిప్పుతూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. పట్టుమని పది ఆటలు. మిగతావన్నీ అవే ఆటలు, కొత్త పేర్లతో, వేరే అంకం నుంచి మొదలయ్యేవి. మోసపోయామని తెలిశాక కూడా అన్ని వరసలూ ఓపికగా చూసింది రెండో ప్లేయరే. చివర్లో ఏదైనా ఉంటుందేమోనని.

ఎవరివో అన్న రెండింటిలో ఒకదాని వెనక బాల్‌పెన్నుతో "శనివారం ఇవ్వాలి" అని ఉంది. పక్కవీధి అన్నయ్య దగ్గర మార్చుకున్నది. ఇరవై తొమ్మిదేళ్ళ శనివారాలు గడిచాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇచ్చిరావాలి.

జూన్ 29, ఆదివారం

తెర కోసం రెండు వారాంతాలు పోయాయి. మా ఇంటి టీవీకి యాంటెన్నా వైరు పెట్టి ఛానెళ్ళు వెతికిస్తే, ఒక్క క్షణం గులాబీ రంగు గీతలు మెరిసి సిగ్నల్ లేదన్న మాట వచ్చింది. ప్రసారమయ్యే బొమ్మ సరిగీతలు ఒకసారి, బేసిగీతలు ఒకసారి వచ్చి కలిస్తే నిండుతుంది. ఈ యంత్రం ప్రతిసారీ అదే సగాన్ని, మూడు వందల పన్నెండు గీతలను పంపుతుంది. పాత గాజు టీవీలు ఇలాంటి పొరపాట్లను పట్టించుకోవు. కొత్తవి పద్ధతి తప్పితే తలుపు తెరవవు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో అడగగా, మూడో అంతస్తు మామ్మగారు తమ పద్నాలుగు అంగుళాల పాత టీవీ తీసుకెళ్ళమన్నారు. మోసుకొచ్చేసరికి నడుము పట్టేసింది. ఇంట్లో ఇలాంటిది ఉన్నవాళ్ళు ఒక్క జాగ్రత్త పాటించాలి: ప్లగ్గు తీసేసినా గాజుగొట్టంలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి వెనక మూత విప్పకూడదు. నేను విప్పలేదు. ముందున్న చిన్న తలుపు తెరిచి, బుల్లి చక్రాన్ని గోరుతో తిప్పుతూ పోతే, మంచు కురుస్తున్న తెరలోంచి ముందు చప్పుడు వచ్చింది, తరువాత నలుపు తెలుపుల్లో మారియో, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే రంగు. మా అమ్మాయి "ఇంత చిన్నగా ఉందేంటి నాన్నా" అంది.

ఇక పరీక్ష. మారియో మొదటి అంకంలో గడియారం 400 నుంచి మొదలవుతుంది. ఒక్కో అంకె తగ్గడానికి ఇరవై నాలుగు బొమ్మలు పడతాయి. మారియోను కదపకుండా మొదలైన చోటే నిలబెడితే ఏ శత్రువూ అక్కడికి రాదు, సమయం తీరి చచ్చిపోవడమొక్కటే మిగులుతుంది. స్టిక్‌ను పెద్ద టీవీకి పెట్టి, ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి కూర్చున్నాను. రెండు నిమిషాల నలభై సెకన్లు. తరువాత మా యంత్రం. ఇద్దరం కదలకుండా చూశాం, నేనూ మారియో. పాట తాపీగా నడుస్తోంది. ప్రతి స్వరానికీ దాని చోటు దానికి దొరుకుతోంది, చివరి వందలో తొందర పాట మొదలైనప్పుడు కూడా అది స్టిక్ తొందరలా గొంతు పట్టుకోలేదు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు.

ముప్ఫై రెండు సెకన్ల తేడా. స్టాప్‌వాచ్ ఫోటోలు రెండూ తీసి బెంగళూరుకు పంపాను. రాత్రి పదకొండింటికి జవాబు వచ్చింది: "నిరుడే చెప్పా కదరా." వెనకాలే ఇంకోటి: "పుస్తకం ఉందా?"

ఉందని రాశాను. జూలై 20న వస్తానన్నాడు.

జూలై 6, ఆదివారం

రెండో జాయ్‌స్టిక్. ఇదే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా విసిగించింది, అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది కూడా.

ఎనిమిది బటన్లున్నా వైరులో పనిచేసే తీగలు అయిదే. అయిదు వోల్టులకు ఒకటి, ఎర్తుకు ఒకటి. మూడో తీగ మీద యంత్రం "ఇప్పుడు ఏవి నొక్కి ఉన్నాయో పట్టి ఉంచు" అని చెబుతుంది, నాలుగో తీగ మీద "తరువాతిది, తరువాతిది" అని ఎనిమిది సార్లు తడుతుంది, అయిదో తీగ మీద ఒక్కో బటన్ జవాబు వరసలో వస్తుంది. హాజరు పట్టీ పిలిచినట్టే. ఒక్క తీగ తెగినా తరగతి అంతా గైర్హాజరే. మల్టీమీటర్ బీప్‌తో చూస్తే నాలుగోది మూతి దగ్గర, ప్లాస్టిక్‌లోంచి వైరు బయటికి వచ్చేచోట, లోపల్లోపలే తెగి ఉంది. రెండో ప్లేయర్ ఆడేటప్పుడు వైరును చూపుడు వేలికి రెండు చుట్లు చుట్టుకునేవాడు. పైతోలు ఇప్పటికీ ఆ వంపులోనే గట్టిపడి ఉంది. సరిచేస్తే సరికావడం లేదు.

మూతి దగ్గర నాలుగు సెంటీమీటర్లు కత్తిరించి కొత్తగా సోల్డర్ చేశాను. ఇక్కడ నా తప్పు ఒకటి రాసుకోవాలి. ఎర్రది పాజిటివ్ అనుకుని అలవాటుగా పెట్టేశాను. ఈ వైరులో పాజిటివ్ తెల్లది. పని చేయకపోగా రెగ్యులేటర్ ముట్టుకోలేనంత వేడెక్కింది. వెంటనే తీసేశాను కాబట్టి ఏదీ కాలలేదు, కానీ ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. విప్పేముందు ఫోటో తీసుకోవాలన్న మొదటి పాఠాన్ని నేను తీగలు కత్తిరించాక గుర్తుచేసుకున్నాను.

లోపలి రబ్బరు పొరను పైకెత్తి చూస్తే, మిగతా బటన్ల కింద కరెంటును కలిపే నల్ల చుక్కలు నిండుగా ఉన్నాయి, బీ బటన్ కింద మాత్రం చుక్క నడిమధ్య అరిగి బూడిదరంగు గిన్నెలా అయింది. బీ అంటే, ఇద్దరం కలిసి కాల్చుకుంటూ పోయే కాంట్రా ఆటలో, తుపాకి. మొదటి జాయ్‌స్టిక్ విప్పి పక్కన పెట్టుకుని పోల్చాను. నాదాంట్లో అరిగింది ఏ, అంటే దూకడం. నేను దూకుతూ పోయేవాణ్ణి, అతను కాలుస్తూ నిలబడేవాడన్నమాట. కాంట్రా మూడో అంకంలో జలపాతం ఎక్కాలి. పైవాడు దూకేకొద్దీ తెర పైకి జరుగుతుంది. కిందివాడు తెర అంచు కిందికి పోతే, ఎవరూ కాల్చకుండానే, అక్కడికక్కడే పోతాడు. ఎన్ని లైఫులు అలా నా చేతిలో పోగొట్టుకున్నాడో ఈ రెండు రబ్బరు పొరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఊహకు అందుతోంది. "ఆగరా" అని అరిచేవాడు. నేను ఆగేవాణ్ణి కాదు.

అరిగిన చుక్క మీద పెన్సిల్ గ్రాఫైట్ పొడి రుద్ది చూస్తే రెండు రోజులు పనిచేసి మళ్ళీ మొరాయించింది. కార్బన్ పూత మందు గుజరాతీ గల్లీలో అడిగి తెచ్చి పూశాక కుదురుకుంది. పరీక్షకు కాంట్రా రహస్యమంత్రాన్ని మించింది లేదు. పై పై, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ఇద్దరు ఆడాలంటే ఆపైన సెలెక్ట్, చివరికి స్టార్ట్. ఎనిమిది బటన్లూ తనిఖీ అయిపోతాయి. మూడు లైఫుల బదులు ముప్ఫై కనిపిస్తే జాయ్‌స్టిక్ బాగున్నట్టు. కాంట్రా తయారుచేసిన కొనామి కంపెనీలో పనిచేసిన కజుహిసా హషిమోటో 1986లో గ్రేడియస్ ఆటను తానే పరీక్షించుకోలేక, పని తేలిక కావడానికి దీన్ని పెట్టుకున్నారు. తీయడం మరిచిపోయిన ఆ వరస ఇవాళ నాకూ పరీక్షకే పనికొచ్చింది. మంత్రం మొదటి జాయ్‌స్టిక్ చోటు నుంచే పడుతుంది కాబట్టి రెండోదాన్ని మొదటి సాకెట్‌లో పెట్టి నొక్కాను. ముప్ఫై.

జూలై 12, శనివారం

తుపాకికి ఏ రిపేరూ అక్కరలేదు, లోపలి కటకం మీద దుమ్ము తప్ప. బాతుల ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, తరువాతి క్షణంలో బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. తుపాకి కన్ను మొదట చీకటినీ, వెంటనే వెలుగునూ చూస్తేనే తగిలినట్టు. బల్బు వైపు గురిపెట్టి గెలవాలనుకునే దొంగలను పట్టడానికే ఆ మొదటి చీకటి. కొత్త టీవీలు బొమ్మను ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి వాటి మీద ఇది పనిచేయదు, మామ్మగారి టీవీ మీద పనిచేసింది.

మా అమ్మాయి నా పక్కన కూర్చుని ఊరికే మొదటి జాయ్‌స్టిక్ బాణాలు నొక్కుతుంటే బాతు పక్కకు తిరిగింది. ఒకే బాతు వచ్చే ఆటలో రెండోవాడు జాయ్‌స్టిక్‌తో బాతును నడపవచ్చు! అన్నేళ్ళు ఇద్దరం ఒకరి తరువాత ఒకరం తుపాకి పట్టుకుని, రెండోవాడు ఊరికే కూర్చుని చూసిన ఆట ఇది.

జూలై 13, ఆదివారం

గళ్ళ పుస్తకం.

ట్యాంకుల ఆట అసలు పేరు బాటిల్ సిటీ, నామ్‌కో కంపెనీ 1985లో తెచ్చింది. కింద నడుమ ఇటుకగోడల మధ్య ఒక గద్ద బొమ్మ, దాన్ని కాపాడాలి. పైనుంచి అంకానికి ఇరవై ట్యాంకులు వస్తాయి. ఇద్దరూ ఒకే వైపు పోరాడతారు, అయినా ఒకడి గుండు ఇంకొకడికి తగిలితే వాడి ట్యాంకు కాసేపు కదలకుండా నిలిచిపోతుంది. మన గుండే గద్దకు తగిలితే ఆట అయిపోయినట్టే. ముప్ఫై అయిదు అంకాలు కాక, మన పటం మనమే కట్టుకునే వీలు కూడా ఉంది. అడ్డం పదమూడు, నిలువు పదమూడు గడులు, వాటిలో ఇటుక, ఉక్కు, నీళ్ళు, చెట్లు, మంచు.

దాచుకునే వీలు మాత్రం లేదు. కాసెట్‌లో బ్యాటరీ లేదు, యంత్రంలో రెండు కిలోబైట్ల జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. ఒక సాయంత్రం రెండో ప్లేయర్ గంటసేపు కట్టిన కోట, ఆడబోయే ముందు కరెంటు పోవడంతో పోయింది. కరెంటు వచ్చేదాకా చీకట్లో మాట్లాడకుండా కూర్చున్నాడు. మర్నాడు నా లెక్కల పుస్తకం అడిగి తీసుకుని, గీతలు కొట్టి పదమూడేసి గడులు గుర్తుపెట్టి, పటాన్ని కాగితం మీద వేశాడు. ఆ తరువాత ప్రతి ఆదివారం కాగితం చూసి ఒకడు చెప్పేవాడు, ఒకడు పెట్టేవాడు: "మూడో వరస, రెండు ఖాళీ, నాలుగు ఇటుక, ఒకటి ఉక్కు…"

మొత్తం పదకొండు పటాలు. ఇటుకకు ఎర్ర స్కెచ్ పెన్ను, నీళ్ళకు నీలం, ఉక్కుకు పెన్సిల్ గీతలు. ఏడో పటం తెలుగక్షరం. ముందు "అ" వేయబోయి రెండుసార్లు చెరిపిన మరకలున్నాయి. మన అక్షరాలు గుండ్రం, గడులు చతురస్రం, కుదరలేదు. చివరికి "ఠ"తో సరిపెట్టుకున్నాడు: చుట్టూ ఇటుక వలయం, నడుమ చుక్కగా ఒక ఉక్కు గడి, పైన తలకట్టు. తొమ్మిదో పటం సగం చెదలు తినేశాయి.

వెనక అట్ట లోపల, అతని రాతలోనే మూడు నియమాలున్నాయి. ఒకటి, కావాలని కాల్చరాదు. రెండు, పొరపాటున కాల్చినవాడు సారీ చెప్పాలి. మూడు, గద్దను కాల్చినవాడు ఆ పూటకు ఇంటికి పోవాలి.

చదివి నవ్వుకుని పుస్తకం మూశాను. రాత్రి భోజనం చేస్తుండగా మూడోది మళ్ళీ గుర్తొచ్చింది. ఆట మా ఇంట్లో. గద్దను నేను కాల్చిన రోజులు లేకపోలేదు. మరి నేనెక్కడికి పోయాను?

జూలై 20, ఆదివారం

పదింటికి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే టీవీ వైపు చూసి, "ఇంత చిన్నదా" అన్నాడు, మా అమ్మాయి అన్నట్టే. మారియో పెట్టాను. కళ్ళు మూసుకుని పాట ఒక చుట్టు పూర్తిగా విని, ఏమీ అనకుండా రెండో జాయ్‌స్టిక్ తీసుకున్నాడు. వైరు చూపుడు వేలికి చుట్టుకుంది. నాలుగు సెంటీమీటర్లు తగ్గడం వల్ల రెండు చుట్లు సరిగ్గా పడలేదు, ఒకటిన్నర దగ్గర ఆగింది. "వైరు కోశావా?" అన్నాడు.

తొమ్మిదో పటంలో పోయిన సగం అతనికి గుర్తుంటుందని నేను ఆశపడ్డాను. లేదు. అసలు ఆ పటం వేసినట్టే గుర్తులేదన్నాడు. అతనికి గుర్తున్నవి వేరు: అమ్మ యంత్రం మీద చెయ్యి పెట్టి చూడటం, ఆ అరగంటలో ఇచ్చే మరమరాల ఉప్మా, వాళ్ళ నాన్నగారికి బదిలీ అయిన 1999లో చివరి ఆదివారం కరెంటు లేకపోవడం. ఆ చివరిది నాకు గుర్తులేదు.

ఏడో పటం పెట్టాం. అతను చదివాడు, నేను పెట్టాను. పదమూడు వరసలకు పన్నెండు నిమిషాలు. "ఠ" తెర మీదికి వచ్చాక గమనిస్తే, అక్షరం ఎంత బాగుందో యుద్ధానికి అంత పనికిరానిది. శత్రువులు రెండు పక్కల నుంచీ దర్జాగా దిగివస్తున్నారు. ఇద్దరం కిందికి పరిగెత్తాం. నేను ఎడమ నుంచి వస్తున్న ట్యాంకును కాల్చబోయి ఒక్క క్షణం ఆలస్యం చేశాను. అది తప్పుకుంది. గుండు ఇటుక సందులోంచి తిన్నగా పోయి గద్దను కొట్టింది.

అతను జాయ్‌స్టిక్ కింద పెట్టి, గళ్ళ పుస్తకం వెనక అట్ట తెరిచి నా ముందు పెట్టాడు.

"ఇది మా ఇల్లురా" అన్నాను.

"అప్పుడూ ఇదే అన్నావు" అని లేచి, వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. సందు చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీలు వాయి దిగేవరకు నిలబడి, పొట్లం కట్టించుకుని తిరిగి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల యంత్రం మీద ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది. నా జాయ్‌స్టిక్ మా అమ్మాయి చేతిలో ఉంది, అతను తొమ్మిదో పటం సగం తెర మీద పెట్టేసి, చెదలు తిన్న సగంలో ఏం కట్టాలో దాన్ని అడుగుతున్నాడు.